అరుగున్న ఇల్లు, అరుగులేని ఇల్లు: వలస ప్రయాణంలో దారి, ట్రాన్సిట్ వీసా

వలస వెళ్లేవాళ్లు చేసే పొరపాట్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఒకటుంది. ఏళ్ల తరబడి కాగితాల చుట్టూ తిరుగుతారు. వైద్య పరీక్షలు, పోలీసు ధ్రువపత్రాలు, బ్యాంకు పత్రాలు అన్నీ ఓపిగ్గా సమకూర్చుకుంటారు. తీరా వీసా చేతికందాక టికెట్ మాత్రం పావుగంటలో కొనేస్తారు, అందులోనూ తెర మీద అన్నిటికంటే చౌకగా కనిపించినదాన్ని. బయల్దేరే రోజున చెక్‌ఇన్ కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మధ్యలో ఆగే దేశానికి ట్రాన్సిట్ వీసా ఏదండీ?" వెళ్లాల్సిన దేశం రమ్మంటోంది. దారిలో రెండు గంటలు ఆగాల్సిన దేశం వద్దంటోంది. అక్కడితో ప్రయాణం ఆగిపోతుంది.

పాతకాలపు ఇళ్లకు వీధివైపు అరుగు ఉండేది. దారిన పోయేవాళ్లు కాసేపు కూర్చుని అలుపు తీర్చుకుని వెళ్లిపోయేవారు. తలుపు తట్టే పని లేదు. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్‌కు ఇవతలి భాగం అలాంటి అరుగే. దాన్ని ఎయిర్‌సైడ్ అంటారు. కౌంటర్ దాటి, పాస్‌పోర్టు మీద ముద్ర పడితే ల్యాండ్‌సైడ్, అంటే ఇంట్లోకి వచ్చేసినట్టు. కొన్ని దేశాలు ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోనిస్తాయి. కొన్ని అరుగు మీద కూర్చోవడానికి కూడా మీరెవరని అడుగుతాయి. కొన్ని ఇళ్లకు అసలు అరుగే ఉండదు, అడుగుపెడితే నట్టింట్లోకే. ట్రాన్సిట్ వీసా చిక్కుముడి చాలావరకు ఈ తేడా దగ్గరే విడిపోతుంది.

అరుగు ఎవరిదీ కాదనుకుంటే మాత్రం పొరపాటు. 'అంతర్జాతీయ ప్రాంతం' అని పేరు పెట్టినా ఆ నేల ఆ దేశానిదే. 1992లో సోమాలియాకు చెందిన నలుగురు తోబుట్టువులను ఫ్రాన్స్ ప్యారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయంలో 20 రోజులు ఆపి ఉంచింది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1996 జూన్‌లో ఇచ్చిన అమూర్ తీర్పు ప్రకారం అది వాళ్ల స్వేచ్ఛను హరించడమే. పేరు ఏదైనా ఆ చోటు ఫ్రెంచి చట్టం పరిధిలోనిదేనని న్యాయమూర్తులు తేల్చారు. నేల తమదైనప్పుడు దాని మీద ఎవరు కూర్చోవాలో కూడా తామే చెబుతామంటాయి ప్రభుత్వాలు. మజిలీలో దిగి అక్కడే ఆశ్రయం కోరేవాళ్లను, అక్రమంగా లోపలికి జారుకునేవాళ్లను ఆపడానికే ట్రాన్సిట్ వీసా అన్నది వాటి వాదన. ఆ భారం మాత్రం చేతిలో సక్రమమైన వలస వీసా ఉన్న కుటుంబాల మీద కూడా పడుతోంది.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మిమ్మల్ని ఆపేది సాధారణంగా మజిలీ దేశపు అధికారి కాదు, విమానయాన సంస్థ ఉద్యోగి. సరైన పత్రాలు లేని మనిషిని తీసుకొచ్చిన సంస్థకు జరిమానా పడుతుంది. 2001 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం సభ్యదేశాలు ఒక్కో ప్రయాణికుడికి విధించే కనీస జరిమానా 3,000 యూరోలైనా ఉండాలి, లేదా గరిష్ఠ జరిమానా 5,000 యూరోలకు తగ్గకూడదు. బ్రిటన్‌లో అది మనిషికి 2,000 పౌండ్లు. వెనక్కి తీసుకెళ్లే బాధ్యత కూడా సంస్థదే. అందుకే కౌంటర్‌లో ఉన్నవాళ్లకు అనుమానం వస్తే ఎక్కనివ్వరు. వాళ్లు చూసేది అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా నడిపే టైమాటిక్ అనే సమాచార నిధిని. మీ పాస్‌పోర్టు, వీసాలు, దారి వివరాలు అందులో కొడితే ఏ దేశం ఏమడుగుతుందో చెబుతుంది. చాలా సంస్థల వెబ్‌సైట్లలో అదే సమాచారం ప్రయాణికులకూ దొరుకుతుంది. టికెట్ కొనకముందే దాన్ని మీరు చూడండి. రాయబార కార్యాలయం వెబ్‌సైట్ చూడాలి, అనుమానం లేదు. కానీ ఆ ఉదయం మీ ప్రయాణాన్ని తేల్చేది కౌంటర్‌లో ఉన్న తెరే.

ఎవరి అరుగు ఎలాంటిది

దుబాయ్, దోహా, ఇస్తాంబుల్, సింగపూర్ లాంటి చోట్ల బతుకుతెరువే విమానం మారే ప్రయాణికుల మీద ఉంది. ఒకే టికెట్ మీద, అదే విమానాశ్రయంలో, బయటకు వెళ్లకుండా విమానం మారితే చాలామందికి అక్కడ వీసా ప్రసక్తే రాదు. వలస కుటుంబాలు ఈ దారులను ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం ఇదే.

షెంగెన్ కూటమి, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు, రెండో రకం. ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. 2009 నాటి వీసా కోడ్ 12 దేశాల పౌరులకు ఒక ఉమ్మడి నియమం పెట్టింది. అఫ్గానిస్థాన్, బంగ్లాదేశ్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, ఎరిట్రియా, ఇథియోపియా, ఘనా, ఇరాన్, ఇరాక్, నైజీరియా, పాకిస్థాన్, సోమాలియా, శ్రీలంక పాస్‌పోర్టులున్నవాళ్లు ఏ షెంగెన్ విమానాశ్రయంలో విమానం మారినా, అరుగు దిగకపోయినా, ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. దాన్నే ఏ-టైప్ వీసా అంటారు. దీనికి తోడు ఒక్కో సభ్యదేశం మరికొన్ని దేశాలను తన సొంత జాబితాలో చేర్చుకోవచ్చు. అందుకే ఒకే పాస్‌పోర్టుకు ఒక షెంగెన్ నగరంలో అడ్డు ఉండదు, పక్క నగరంలో ఉంటుంది. ఆ సొంత జాబితాలు మారుతూనే ఉంటాయి. పోయినేడాది ఆ దారిన వెళ్లొచ్చిన బంధువు మాట ఈ ఏడాదికి పనికిరాకపోవచ్చు.

ఇక్కడే వలస వెళ్లేవాళ్లకు ఎక్కువగా పనికొచ్చే వెసులుబాటు ఉంది. అమెరికా, కెనడా, జపాన్ దేశాల చెల్లుబాటు వీసా చేతిలో ఉంటే షెంగెన్ ఏ-టైప్ వీసా అక్కర్లేదు. కెనడాకు శాశ్వత నివాసం మీద వెళ్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారే మనిషికి పాస్‌పోర్టులోని కెనడా వీసాయే అరుగు మీద చోటిస్తుంది. ఆ జాబితాలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పేర్లు లేవు. ఆస్ట్రేలియా వలస వీసా ఎంత బలమైనదైనా షెంగెన్ అరుగు దగ్గర దానికి విలువ లేదు. బ్రిటన్ లెక్క వేరు. లండన్‌లో ఎయిర్‌సైడ్‌లోనే విమానం మారేవాళ్లకు మినహాయింపునిచ్చే వీసాల్లో అమెరికా, కెనడాతో పాటు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఉన్నాయి. అంటే చేతిలో ఉన్న గమ్యం వీసా ఏదన్నదాన్ని బట్టి ఒకే మనిషికి ఒక దారి తెరుచుకుంటుంది, ఇంకో దారి మూసుకుంటుంది. ముందు వీసా పేజీ తెరిచి, దాన్ని బట్టి దారి వెతకాలి. చార్జీల సంగతి ఆ తర్వాత.

బ్రిటన్‌లో ట్రాన్సిట్ వీసాలు రెండు రకాలు. అరుగు మీదే ఉండేవాళ్లకు డైరెక్ట్ ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా. ఇమిగ్రేషన్ దాటి 48 గంటల్లోపు వెళ్లిపోయేవాళ్లకు విజిటర్ ఇన్ ట్రాన్సిట్ వీసా. మొదటిది తీసుకుని, రాత్రి హోటల్లో పడుకుందామనుకుంటే కుదరదు.

అమెరికాకు అరుగు లేదు. అక్కడ దిగిన ప్రతి అంతర్జాతీయ ప్రయాణికుడూ, రెండు గంటల్లో ఇంకో దేశానికి ఎగిరిపోయేవాడైనా సరే, ఇమిగ్రేషన్ దాటాలి, సామాను తీసుకోవాలి, మళ్లీ అప్పగించాలి. ఒకప్పుడు వీసా లేకుండా దాటిపోయే పథకాలుండేవి. 2003 ఆగస్టులో భద్రతా కారణాలతో వాటిని ఆపేశారు. ఇప్పుడు సీ-1 ట్రాన్సిట్ వీసా గానీ, చెల్లుబాటులో ఉన్న పర్యాటక వీసా గానీ, వీసా మినహాయింపు దేశాలవాళ్లకైతే ఎస్టా అనుమతి గానీ ఉండాల్సిందే. ఎయిర్ న్యూజిలాండ్ 2020 వరకు ఆక్లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్ మీదుగా లండన్‌కు విమానం నడిపేది. మళ్లీ అదే విమానం ఎక్కాల్సినవాళ్లు కూడా లాస్ ఏంజెలెస్‌లో దిగి అమెరికా తనిఖీ దాటాల్సి వచ్చేది. కెనడాకు వలస వెళ్తూ చార్జీ తక్కువని న్యూయార్క్ మీదుగా టికెట్ కొంటే మీకు రెండు దేశాల ఇమిగ్రేషన్లు. ఆ దారి నేనైతే ఎవరికీ చెప్పను.

కెనడా ట్రాన్సిట్ వీసా ఉచితం, 48 గంటల్లోపు దాటిపోయేవాళ్లకు. ఆస్ట్రేలియాది సబ్‌క్లాస్ 771, అదీ ఉచితమే, 72 గంటల వరకు. ఉచితమంటే అప్పటికప్పుడు దొరుకుతుందని కాదు. రెంటికీ ముందుగా దరఖాస్తు చేసుకోవాల్సిందే.

టికెట్ తీరును బట్టి మారే నియమాలు

ఒకే నగరంలో, అదే పాస్‌పోర్టుతో, అదే మూడు గంటలు ఆగినా, టికెట్ ఎలా కొన్నారన్నదాన్ని బట్టి వీసా అవసరం మారిపోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

రెండు ప్రయాణాలూ ఒకే బుకింగ్‌లో, ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) కింద ఉంటే, అమెరికా లాంటి అరుగులేని చోట్ల తప్ప, సామాను సాధారణంగా గమ్యం దాకా దానంతటదే వెళ్తుంది. రెండో బోర్డింగ్ పాస్ కూడా బయల్దేరిన చోటే ఇచ్చేస్తారు. మీరు అరుగు దిగాల్సిన పని లేదు. రెండు సంస్థల దగ్గర విడివిడిగా టికెట్లు కొంటే మాత్రం మొదటి సంస్థ మీ సామానును మజిలీ వరకే తీసుకెళ్తుంది. దాన్ని తీసుకోవడానికి బెల్టు దగ్గరకు వెళ్లాలి. బెల్టు ఉండేది ఇమిగ్రేషన్‌కు అవతల. అంటే ట్రాన్సిట్ ప్రయాణికుడు కాస్తా ఆ దేశంలోకి ప్రవేశించే ప్రయాణికుడు అయిపోతాడు. అప్పుడు ఎయిర్‌సైడ్ మినహాయింపులేవీ వర్తించవు, లోపలికి రానిచ్చే వీసా కావాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. బుకింగ్ సైట్లు 'సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్' అని చిన్న అక్షరాల్లో రాసి చూపించే చౌక టికెట్లు ఇవే. ఇంటిల్లిపాదీ పెట్టెలతో కదిలే ప్రయాణానికి వీటిని దగ్గరకు రానివ్వకండి.

షెంగెన్‌లో ఇంకో మెలిక ఉంది. రెండు షెంగెన్ నగరాల మధ్య విమానం చట్టం దృష్టిలో దేశీయ ప్రయాణం లాంటిది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, లిస్బన్‌కు వెళ్లి, అక్కడి నుంచి బ్రెజిల్‌కు ఎగిరే దారి తీసుకుంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే షెంగెన్‌లోకి ప్రవేశించినట్టు. దానికి ఏ-టైప్ వీసా చాలదు, లోపలికి రానిచ్చే మామూలు షెంగెన్ వీసా, అంటే సీ-టైప్ కావాలి. ఏ-టైప్ మినహాయింపూ అక్కరకు రాదు. బుకింగ్ తెర మీద ఇది 'రెండు స్టాపులు' అని మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి యూరప్ మీదుగా వెళ్తే ఒక్క షెంగెన్ విమానాశ్రయమే ఉండేలా చూసుకోవాలి.

నగరం పేరు చూసి కూడా మోసపోవచ్చు. లండన్‌లో హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ ఉన్నాయి. టోక్యోలో నరిటా, హనెడా. ప్యారిస్‌లో చార్లెస్ డి గాల్, ఓర్లీ. ఇస్తాంబుల్‌లో ఒక విమానాశ్రయం యూరప్ ఒడ్డున ఉంటే, సబిహా గోక్చెన్ బోస్ఫరస్ అవతల ఆసియా ఒడ్డున ఉంది. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలంటే ఇమిగ్రేషన్ దాటక తప్పదు. టికెట్‌లో నగరం పేరు కాకుండా మూడక్షరాల విమానాశ్రయం కోడ్ చూడాలి.

'డైరెక్ట్' అన్న మాటనూ నమ్మకూడదు. ఫ్లైట్ నంబర్ మారకపోతే మధ్యలో ఆగినా డైరెక్ట్ అనే అంటారు. ఎక్కడా దిగనిది నాన్‌స్టాప్. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో నాన్‌స్టాప్ ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగి వెళ్లేదీ ఉంది. ఆగే చోట ప్రయాణికుల్ని దించుతారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

వలస వెళ్లేవాళ్లకు వేరే లెక్క

పర్యాటకుడికి దారి తప్పితే సెలవు పాడవుతుంది. వలస వెళ్లేవాళ్లకు గడువు పోతుంది. అమెరికా వలస వీసా సాధారణంగా 6 నెలలకు మించి ఉండదు. కెనడా, అమెరికా రెండింటిలోనూ ఆ తేదీ చాలాసార్లు వైద్య పరీక్ష చెల్లుబాటుతో ముడిపడి ఉంటుంది. అది దాటితే వైద్య పరీక్ష మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. అందుకే గడువు చివరి వారంలో ప్రయాణం పెట్టుకోవద్దు.

ట్రాన్సిట్ వీసాకూ సమయం కావాలి. షెంగెన్ దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల కంటే ముందు తీసుకోరు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మామూలు కేసుల్లో నిర్ణయానికి 15 రోజులు పడుతుంది. ఈలోపు పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? గమ్యం దేశం వీసా ముద్రించడానికి ఒక కార్యాలయం తీసుకుంటుంది. అది తిరిగొచ్చాకే మజిలీ దేశం దరఖాస్తుకు వీలవుతుంది, ఎందుకంటే గమ్యంలోకి రానిస్తారన్న రుజువు వాళ్లకు చూపించాలి. ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిన ఈ రెండు పనులనూ క్యాలెండర్‌లో పక్కపక్కన రాసుకుంటే, ట్రాన్సిట్ వీసా అడగని దారికి కాస్త ఎక్కువ చార్జీ పెట్టడమే మేలని చాలామందికి అప్పుడే అర్థమవుతుంది.

వీసా రూపం కూడా చూసుకోవాలి. కెనడా శాశ్వత నివాసానికి ఇచ్చే ధ్రువీకరణ పత్రం, సీఓపీఆర్, దానంతటది ప్రయాణ పత్రం కాదు. వీసా అవసరమైన దేశాలవాళ్లకు పాస్‌పోర్టులో వీసా కూడా ఉండాలి. ఆస్ట్రేలియా 2015 నుంచి పాస్‌పోర్టులో వీసా అంటించడమే మానేసింది. అంతా కంప్యూటర్‌లోనే. అలాంటప్పుడు వీసా మంజూరు లేఖ ప్రింట్ తీసుకుని చేతిసంచిలో పెట్టుకోండి. మజిలీలో కొత్త ఉద్యోగి ఎదురైతే ఫోన్ చార్జింగ్ మీద ఆధారపడాల్సిన పని ఉండదు. తిరుగు టికెట్ ఏదని అడిగినప్పుడు చూపించాల్సిందీ వలస వీసానే.

కుటుంబంలో అందరి పాస్‌పోర్టులూ ఒకే దేశానివి కాకపోతే ఒక్కొక్కరి పేరునా విడిగా దారి సరిచూడాలి. భార్యకు మినహాయింపు ఉండి భర్తకు లేకపోవచ్చు. ఎవరు ముందు వెళ్లాలన్నదీ ముఖ్యమే. అమెరికాకైనా కెనడాకైనా ప్రధాన దరఖాస్తుదారు ముందుగా గానీ, అందరితో కలిసి గానీ దిగాలి. పిల్లల్ని తాతయ్యతో ముందు పంపించి, తర్వాత మనం వెళ్దామనుకుంటే పిల్లల్ని లోపలికి రానివ్వరు. టికెట్లు దొరక్క రెండు జట్లుగా బయల్దేరేటప్పుడు, ప్రధాన దరఖాస్తుదారు ఉన్న జట్టే ముందు దిగేలా చూసుకోండి. ఆ విమానం ఆలస్యమైతే ఏమవుతుందో కూడా లెక్కేసుకోండి.

దిగే దేశంలో మొదటి విమానాశ్రయమే మీ వలస తతంగం జరిగే చోటు. చివరికి చేరాల్సింది ఏ చిన్న ఊరైనా, ఆ దేశం నేల మీద మొదట ఎక్కడ కాలు పెడితే అక్కడే కాగితాలన్నీ చూస్తారు. కెనడాలోనైతే వెంట తెచ్చినవి, వెనక రాబోయే సామాన్ల జాబితా కూడా అక్కడే ఇవ్వాలి. క్యూలు పొడుగ్గా ఉంటాయి. అక్కడి నుంచి ఇంకో విమానం ఎక్కాలంటే గంటన్నర వ్యవధి పర్యాటకుడికి సరిపోతుందేమో గానీ, మీకు సరిపోదు. నాలుగు గంటలైనా ఉంచుకోండని నేను చెబుతాను.

అమెరికా విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. అబుదాబి, డబ్లిన్, షానన్, కెనడాలోని కొన్ని విమానాశ్రయాల్లో అమెరికా అధికారులే కూర్చుని, విమానం ఎక్కకముందే ఇమిగ్రేషన్ పూర్తి చేస్తారు. దీన్ని ప్రీక్లియరెన్స్ అంటారు. అవతల దిగాక దేశీయ ప్రయాణికుడిలా నడిచి వెళ్లిపోవచ్చు. అలసిన పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది నిజంగా ఊరట. అయితే వలస తతంగం మజిలీలోనే జరుగుతుంది కనుక ఎక్కువ వ్యవధి కావాల్సింది అక్కడ. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, దాని ట్రాన్సిట్ వీసా జాబితా దానిదే. అదీ చూసుకోవాలి. అమెరికా వలసదారులకు ఇచ్చే సీలు వేసిన కవరు ఉంటే తెరవకూడదు, చెక్‌ఇన్ పెట్టెలో వేయకూడదు.

అంతర్జాతీయ వలసల సంస్థ, ఐఓఎం, కొన్ని విమానయాన సంస్థలతో ఒప్పందాలు చేసుకుని వలసదారులకు తగ్గింపు చార్జీలు, అదనపు సామాను, తేదీ మార్పులో వెసులుబాటు ఇప్పిస్తుంది. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. బుకింగ్ సైట్లలో కనిపించదు కనుక చాలామందికి తెలియదు. టికెట్ కొనేముందు ఒకసారి అడిగి చూడండి.

దారి తెగినప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా అన్నీ అనుకున్నట్టు జరిగితే. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద యూరప్ ఆకాశాన్ని దాదాపు వారం పాటు మూసేసింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో షెంగెన్ వీసా లేనివాళ్లు హోటల్‌కు వెళ్లలేక ట్రాన్సిట్ ప్రాంతంలోనే మడత మంచాల మీద రాత్రులు గడిపారు. 2025 జూన్ 23న కతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడి దోహాకు వెళ్లాల్సిన విమానాలు ఇతర దేశాలకు మళ్లాయి. ఇంత పెద్ద విపత్తు రానక్కర్లేదు. మంచుపొగకో, ఇంజిన్ మరమ్మతుకో కనెక్షన్ తప్పిపోతే సంస్థ మిమ్మల్ని ఇంకో దారిలో పంపాలని చూస్తుంది. కంప్యూటర్ ఇచ్చే ఆ కొత్త దారి మీ పాస్‌పోర్టును చూసి ఇవ్వదు. దుబాయ్ బదులు లండన్ మీదుగా వెళ్లమంటుంది.

అందుకని దారి ఎంచుకునేటప్పుడే రెండో దారి గురించీ ఆలోచించాలి. ఆ సంస్థకు మీ గమ్యానికి రోజుకు ఒక విమానమేనా, రెండు మూడు ఉన్నాయా? భాగస్వామ్య సంస్థలు ఏ నగరాల మీదుగా వెళ్తాయి? వాటిలో మీకు వీసా లేకుండా కుదిరేవి ఎన్ని? రోజుకు నాలుగు విమానాలున్న దారికి కొంచెం ఎక్కువ పెట్టడం, వారానికి మూడు విమానాలున్న చౌక దారి కంటే మంచిది. రాత్రంతా ఆగాల్సిన మజిలీ అయితే ఆ విమానాశ్రయం ఎయిర్‌సైడ్‌లో రాత్రి ఉండనిస్తారో లేదో, లోపల హోటల్ ఉందో లేదో కూడా ముందే చూడాలి. కొన్ని విమానాశ్రయాలు రాత్రి మూసేసి ప్రయాణికుల్ని బయటకు పంపుతాయి. అప్పుడు ఇమిగ్రేషన్ దాటక తప్పదు.

టికెట్ కొన్నాక నియమాలను ఒకసారి, బయల్దేరడానికి మూడు రోజుల ముందు మరోసారి సరిచూడండి. ఒక కాగితం మీద రెండు జాబితాలు రాసుకోండి: మీ కుటుంబంలో అందరూ వీసా లేకుండా విమానం మారగల నగరాలు, ఎవరో ఒకరికి కుదరని నగరాలు. కనెక్షన్ తప్పిన రాత్రి రీబుకింగ్ కౌంటర్ ముందు క్యూ కదులుతున్నప్పుడు పిల్లలు నిద్రకు వాలిపోతుంటారు, మీకు ఏ నియమమూ గుర్తు రాదు. అప్పుడు ఆ కాగితం తీసి, "మమ్మల్ని వీటి మీదుగా పంపండి, వీటి మీదుగా వద్దు" అని చూపిస్తే అవతలి మనిషికీ పని తేలికవుతుంది.